అమ్మ డైలాగు

మన సినిమాల్లో అమ్మకు నోరు ఎప్పుడు పడిపోయిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనలేమీ అక్కర్లేదు. పుదుచ్చేరిలో మూలకుళం వచ్చి మా అక్క పంకజవల్లిని అడిగితే చాలు. కాకపోతే ఆమె ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. అందుకే నేను చెబుతున్నాను. నాకు కోపం ఎక్కువ, మాట తూలుతుంది, కాస్త ఓర్చుకోండి.

అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. తమిళంలో తీసి తెలుగులోకి మార్చే సినిమాల్లో హీరోగారి అమ్మకు గొంతు ఇచ్చేది. ఆ పనిలోకి ఆమె వచ్చిన తీరే ఒక సినిమా సీను. చెన్నైలో మా చుట్టాల పెళ్ళికి మా బావ సుధాకరన్ ముహూర్తం దాటాక చేరుకున్నాడు. అక్క నలుగురి ముందే ఆయన్ను దులిపేసింది. భోజనాల వరసలో కూర్చున్న ఆదిమూలం అనే సౌండ్ ఇంజనీరు ఆ తిట్లు విని, ఆకు ముందు నుంచి లేచి వచ్చి, "ఏమ్మా, ఇవే తిట్లు మైకు ముందు తిడతారా?" అని అడిగాడు. మొగుణ్ణి తిట్టినందుకు పని దొరికిన ఆడది లోకంలో మా అక్క ఒక్కతేనని బావ చాలాకాలం చెప్పుకుని నవ్వేవాడు.

ఒక్కటే చిక్కు. అక్కకు తెలుగు చదవడం రాదు. మా ముత్తాతల కాలానికే మేము ఇక్కడ భూములు చేసుకుంటున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట నిలిచింది గానీ అక్షరం నిలవలేదు. తిరుపతిలో డిగ్రీ చదవబట్టి మా ఇంట్లో నాకొక్కడికే తెలుగు రాయడం, చదవడం వచ్చింది. అందుకని ఆదిమూలం డైలాగులు నా ఫోనుకు పంపేవాడు. నేను వైట్ టౌన్‌లో మా ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చుని వాటిని తమిళ అక్షరాల్లో రాసిపెట్టేవాణ్ణి.

తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. క, గ అంతే. ట, డ అంతే. మరి ఏది ఏదో ఎలా తెలియాలి? తమిళంలో అచ్చేసిన స్తోత్రాల పుస్తకాల్లో అక్షరం నెత్తిన చిన్న అంకె వేస్తారు. ప మీద మూడు వేస్తే అది బ. నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను. ఒకసారి తొందరలో అంకెలు వదిలేస్తే, "మనది పంతం కాదురా, బంధం" అన్న డైలాగు కాస్తా అక్క నోట "మనది పందెం కాదురా, పందెం" అయింది. "ఏందిరా గురూ ఇది, కొడుకుతో మాట్లాడతా ఉండానా, కోడిపందేలు ఆడతా ఉండానా?" అని ఫోనులోనే నన్ను ఉతికేసింది.

అప్పట్లో సినిమా అమ్మకు చేతినిండా పని ఉండేది. ఉద్యోగం లేని కొడుక్కి దోసెలు పోస్తూ తిట్టాలి. వాడు ప్రేమించిన పిల్లను చూసి మూతి ముడవాలి, ఆ తర్వాత ఆ పిల్లకే జడ వేయాలి. రెండో సగంలో ఆసుపత్రి మంచం మీద పడుకుని కొడుకు చేత ఒట్టు వేయించుకోవాలి. దయ్యాల కామెడీలు వరసకట్టి వచ్చిన రోజుల్లో ఆ దయ్యానికి కూడా ఒక అమ్మ ఉండేది. తన కూతురు దయ్యమెందుకు అయిందో ఆ తల్లి ఏడుస్తూ చెప్పేదాకా ఎవరూ థియేటరు వదిలి వెళ్ళేవారు కాదు. నేను రాసిచ్చిన కాగితాలు అక్క ఇంట్లో బిగ్గరగా చదువుకునేది. ఎదురుగా నిలబడి హీరో మాటలు చెప్పడానికి ఆమె కూతురు ఆర్తి ఉండేది.

ఆర్తి అన్నది బడి రిజిస్టరులో పేరు. నెలలు నిండకుండా పుట్టి, దోసిట్లో పట్టేంత ఉండేది గనుక మేమందరం పిట్ట అనేవాళ్ళం. అక్కకు ఒక్కగానొక్కతి. దుప్పటి భుజాన వేసుకుని, గొంతు లావు చేసుకుని, "అమ్మా, నేను గెలిచి వస్తాను" అనేది. "ముందర ఆ పాలు తాగి గెలవరా నాయనా" అని అక్క కాగితంలో లేనిది చెప్పేది. ఇద్దరూ పడి పడి నవ్వేవాళ్ళు. మేడ మీద అద్దెకున్న మరగతం, "ఇవాళ ఏం సినిమా అక్కా?" అంటూ దిగి వచ్చేది.

తర్వాత రాజుల కాలం వచ్చింది. ఒకే కథను రెండు ముక్కలు చేసి ఏడాది తేడాతో చూపించడం, కొండంత కోటలు, ఏనుగులు. అమ్మ బురుజు మీద నిలబడి గాలికి కొంగు ఎగరేస్తూ, "వాడు వస్తాడు" అనేది. సినిమా పొడుగునా అదే మాట. వచ్చినవాడు అన్నం తిన్నాడో లేదో అడిగే తీరిక ఆమెకు ఉండదు. "ఈయమ్మ కొడుక్కి యాడా ఒక ముద్ద పెట్టదేందిరా?" అని అక్క అడిగింది. రాజుల ఇళ్ళల్లో వంటవాళ్ళు ఉంటారక్కా అని నేను తప్పించుకున్నాను. 

ఆ వానాకాలంలోనే పిట్టకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమనే అనుకున్నాం. గోరిమేడు ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. పిట్ట దక్కలేదు. నాలుగో తరగతి చదువుతోంది.

అక్క ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించింది, ముసలివాళ్ళకు కాఫీ ఇప్పించింది. బావ గోడకు తల ఆనించి వలవల ఏడుస్తుంటే ఆయనకు తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. సినిమాలకు ఏడ్చే మనిషి, కన్నబిడ్డకు కన్నీటి చుక్క రాల్చలేదే అన్నారు. చాలా రోజుల తర్వాత అక్క నాతో అంది.

"మైకు ముందర ఎన్నితూర్లు ఏడ్చినానో నాకే తెలీదు. ఇప్పుడు ఏడ్చినా అది యాక్టింగు మాదిరి ఉంటాదేమో అని భయమురా. దాని ముందర యాక్టింగు చేసినట్టు అయిపోతాది."

ఆ మాట విన్నాక, ఏడువక్కా, ఏడిస్తే తేలికవుతుంది అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ పేరు కూడా ఇంట్లోంచి పోయింది. బావ పలకడు, నేను పలకను. అక్క మాత్రం ఏడాదికొకసారి పలికేది. మా వైపు దివసం, అంటే తద్దినం నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, డాబా మీదికి, మా మాటలో మొట్టమాడి మీదికి తీసుకెళ్ళి, ఆకులో పెట్టి గోడ మీద ఉంచి వాళ్ళను పిలుస్తాం. కాకి వచ్చి ముట్టుకుంటే వాళ్ళు వచ్చి తిన్నట్టు. "పిట్టా, వచ్చి తినవే" అని అక్క పిలిచేది. కాకి వచ్చేది. ఈ ఊళ్ళో కాకులకేం కరువు, రాక ఏం చేస్తుంది అని నేను మనసులో అనుకునేవాణ్ణి. కానీ ఆ పూట అక్క ముఖం తేటపడేది. పిలిచింది, వచ్చింది, తిన్నది. కూతురు పోయాక ఆమెకు మిగిలింది ఆ పిలుపు ఒక్కటే. దాన్ని పట్టుకునే మళ్ళీ ఏడాది దాకా బతికేది.

సినిమాలు ఎవరి కోసమూ ఆగవు కదా. గడ్డాల కాలం వచ్చింది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అని పెద్దలు ఊరికే అనలేదు. హీరోలందరూ ఛాతీ దాకా గడ్డాలు పెంచి, గొడ్డళ్ళు, తుపాకులు పట్టుకుని లోకాన్ని ఏలడానికి బయలుదేరారు. అమ్మ మొదట్లోనే చచ్చిపోవాలి. చస్తూ ఒక మాట తీసుకోవాలి. ఆ తర్వాత గోడ మీద ఫోటో. ఒకే సినిమా అయిదు భాషల్లో ఒకే రోజు దిగేది గానీ, ఏ భాషలోనూ ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు కారు. నడుస్తారు, మెల్లగా నడుస్తారు, వెనక డప్పులు మోగుతాయి. కరోనా పోయి థియేటర్లు తెరిచాక ఆ చివరి మాట కూడా పోయింది. తెరంతా నెత్తురు. అమ్మకు డైలాగు దేనికి, ఒక అరుపు చాలు. 

దాంతో నా పని కూడా ముగిసింది. ఒక్క ముక్క కోసం పుదుచ్చేరికి పంపి తెప్పించుకోవడమెందుకని, ఆదిమూలం దగ్గర ఉండే అసిస్టెంటే తమిళంలో టైపు చేసి స్టూడియోలో తెర మీద పెట్టేవాడు. అతనికి అంకెల గొడవ తెలియదు.

ఒక రోజు సీను ఇది. ఊరు తగలబడుతోంది. ఒక తల్లి మంటల వైపు పరిగెడుతూ "నా బిడ్డా" అని అరవాలి. తమిళంలో టైపు చేస్తే అందులో బ లేదు, డ లేదు. అక్క కళ్ళకు తెర మీద కనబడింది "నా పిట్టా". ఆలోచించే లోపల నోరు చదివేసింది. చదివిన మాట చెవిన పడగానే ఇన్నేళ్ళూ బిగబట్టినదంతా ఒక్కసారిగా తెగిపోయింది. అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. తెర మీద సీను అయిపోయినా ఆమె ఆగలేదు. అద్దం అవతల తానూ ఏడ్చానని ఆదిమూలం తర్వాత నాకు చెప్పాడు.

బయటికి వచ్చి మంచినీళ్ళు తాగి, "ఇది వద్దు సార్, తప్పు చదివినాను. ఇంకోతూరి చెప్తాను" అని అక్క అడిగింది. డైరెక్టరు ఒప్పుకోలేదు. ఇంత నిజంగా అరిచినవాళ్ళు ఏ భాషలోనూ లేరన్నాడు. పిట్ట అన్నా బిడ్డ అన్నా ఒకటేలే, పల్లెటూరి మాటలా ఉంది, ఇంకా బాగుంది అన్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఇంటికి వచ్చి అక్క బావ పక్కన కూర్చుని, "ఏడ్చినాను" అని ఒక్క మాట చెప్పిందట. ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె బాగానే తిన్నది, బాగానే నిద్రపోయింది. పోనీలే, తప్పు చదివితే చదివింది, గుండె బరువు దిగింది అని నేను సంతోషించాను.

సినిమా విడుదలైంది. తెలుగు ప్రేక్షకులకు అనుమానం వచ్చింది. ఊరంతా కాలిపోతుంటే ఈవిడ పిట్ట కోసం ఏడుస్తుందేమిటి? థియేటర్లో ఆ చోట నవ్వారట. ఎవడో పుణ్యాత్ముడు ఆ అరుపును కోసి, పళ్ళెంలోంచి కోడికాలు జారి నేలపడే వీడియోకు అతికించాడు. ఇక చూడండి. చేతిలోంచి ఫోను జారినా నా పిట్టా, బస్సు తప్పిపోయినా నా పిట్టా, క్రికెట్లో వికెట్ పడినా నా పిట్టా. తెలుగు రానివాళ్ళూ మొదలుపెట్టారు. మా ఆఫీసులో కార్తికేయన్ అని ఒక కుర్రాడు తన ఫోను నా ముందు పెట్టాడు. బీచ్ రోడ్డు మీద ఎవరో టూరిస్టు చేతిలోని ఐస్‌క్రీమ్ నేలపాలైంది. వెనక మా అక్క అరుస్తోంది. "సూపర్ కదా సార్" అన్నాడు. నేను ఫోను అతని చేతిలో పెట్టి, సముద్రం ఒడ్డుకు నడిచి వెళ్ళి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎవరిని కొట్టాలో తెలిస్తే కొట్టి ఉండేవాణ్ణి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కానీ ఇక్కడ ఆడుతున్న పిల్లికి ఎలుక ఉందనే తెలియదు, దాన్ని ఏమని కొట్టను?

అక్కకు తెలియకూడదని నేనూ బావా అనుకున్నాం. ఎంతకాలం దాగుతుంది? మరగతం కూతురు జయప్రియ కాలేజీ పిల్ల. మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండగా అక్క పక్కనే బియ్యం ఏరుతోంది. అరుపు వినబడింది. ఆ పిల్ల నవ్వింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ నవ్వింది. అది కింది ఇంటి అత్త గొంతని ఆ పిల్లకు తెలియదు. ఏడుపులో గొంతు ఎవరు గుర్తుపడతారు? అక్క చేట పక్కన పెట్టి, "యాడిదమ్మా అది?" అని అడిగింది. జయప్రియ సంబరంగా దగ్గరికి జరిగి, ఒకటి తర్వాత ఒకటి చూపించింది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క వాకిట్లోనే ఉంది.

"గురూ, దాన్ని ఆపొచ్చునా?"

"చూస్తానక్కా."

"కోర్టుకి అంతా వద్దు. ఊరికే చెప్పి చూడు. అది సినిమా ఏడుపు కాదు, నాది, అని చెప్పు. చెప్తే వింటారు గదా ఎవురైనా."

ఆదిమూలానికి ఫోను చేశాను. ఆయన మంచివాడే. నెమ్మదిగా చెప్పాడు. "సార్, అది ఇప్పుడు మన చేతిలో లేదు. ఎవరి ఫోనులో ఉందని పోయి తీస్తాం? ఇంకొకటి కూడా మీకు చెప్పాలి. ఆ అరుపును మాటలు తీసేసి సౌండ్ లైబ్రరీలో పెట్టేశారు. ఇప్పుడు వస్తున్న సినిమాల్లో ఎక్కడ ఇల్లు కాలినా, ఎక్కడ పిల్ల చచ్చినా అదే వేస్తున్నారు. హిందీలో కూడా వేశారు." అక్కను ఇక పిలవడం లేదెందుకో కూడా చెప్పాడు. తమిళంలో నటించినామె గొంతునే తీసుకుని కంప్యూటరే తెలుగు మాట్లాడిస్తోంది. ప, బ తేడాలన్నీ దానికి బాగా తెలుసట. "ఇంక అమ్మలకు మనిషి అక్కర్లేదు సార్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తన ఉద్యోగం గురించి కూడా చెబుతున్నాడని నాకు అర్థమైంది.

ఇవన్నీ అక్కకు చెప్పలేదు. ఆపలేమట అని మాత్రం చెప్పాను. సరే అంది. అలవాటుపడుతుందిలే, ఇవాళ ఉన్న పిచ్చి రేపు ఉండదు, ఇంకో గోల వస్తుంది అని నన్ను నేను ఓదార్చుకున్నాను. నిజంగానే ఇంకో గోల వచ్చింది, ఆ రీల్స్ తగ్గాయి. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావ చేతిలోంచి అప్పడం జారి కిందపడి ముక్కలైంది. అక్క పకపక నవ్వింది. మేమిద్దరం బిక్కచచ్చి చూశాం. నవ్వు ఆపాలని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. చివరికి గోడ పట్టుకుని నిలబడింది.

"నాకే నవ్వొస్తా ఉందిరా గురూ," అంది. "ఏదన్నా కింద పడితే చాలు, ఆ పేరు దానంతటదే లోపల అరస్తాది, నాకు నవ్వొస్తాది. దాని మొగం గుర్తు తెచ్చుకుందామని కండ్లు మూసుకుంటే కోడికాలు కనపడతాది. నా బిడ్డ పేరు నాకే నవ్వులాట అయిపోయింది. ఇంక నేను దాన్ని ఏమని పిలిచేది?"

బావ చేయి కడుక్కోకుండానే లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "అంతా పోతుందిలే అక్కా, కాలమే మరిపిస్తుంది" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. ఆమె భయపడుతున్నదే దానికి.

దివసం వచ్చింది. అక్క పొద్దున్నే తలకు పోసుకుని, పిట్టకు ఇష్టమైన చేమదుంపల వేపుడు, పెరుగన్నం, పాయసం చేసింది. మధ్యాహ్నం ముగ్గురం మొట్టమాడి ఎక్కాం. ఎండ కాళ్ళను కాలుస్తోంది. పక్కింటి మేడ మీద ఎవరో గుడ్డలు ఆరేస్తున్నారు. అక్క ఆకు గోడ మీద పరిచి వడ్డించింది, చుట్టూ నీళ్ళు తిప్పింది, చేతులు జోడించింది. తర్వాత ఎదురుగా ఆకాశంలోకి చూసి నోరు తెరిచింది.

మాట రాలేదు. పెదవులు ప దగ్గర కలుసుకుని ఆగిపోయాయి. ఆమె మూతి వంకర తిరగడం చూశాను. ఏడుపు వస్తోందేమో అనుకున్నాను, కాదు. నవ్వు తన్నుకొస్తోంది. రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. బావ ఆమె భుజం పట్టుకుని, "వద్దులే పంకజం, మనసులో అనుకో చాలు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిరి తీసుకుంది. చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆర్తీ," అని పిలిచింది. బళ్ళో టీచరు హాజరు పిలిచినట్టు ఉంది. "ఆర్తీ, వచ్చి తినమ్మా."

కాసేపటికి నీళ్ళ ట్యాంకు మీద నుంచి ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి, పెరుగన్నం రెండు ముక్కు పోట్లు తిని, చేమదుంప ముక్క పట్టుకుంది. బావ కళ్ళు తుడుచుకుంటూ చేతులు జోడించాడు.

"వచ్చిందే పంకజం. చూడు, తింటా ఉంది."

అక్క కాకి వైపు చూడలేదు. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ మెట్ల వైపు తిరిగింది.

"ఎవురి బిడ్డో పాపం, తిననీండి," అంది. "నాది రాదు. దాన్ని నేను పిలవలేదు గదా."